గట్టిపడని బెల్లం వెంట చిత్తూరు దాకా

మా మనవరాలు తొలి అడుగులు వేసిన వేడుకలో నా అరిసెలు నా పరువు తీశాయి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా వైపు పసిబిడ్డ నడక నేర్చుకుంటే అరిసెలు వండి, వాటి మీద నడిపించి, ఊళ్ళో పంచుతాం. ఆ రోజు సగం అరిసెలు నూనెలోనే విడిపోయాయి. మిగిలినవాటి మీద పిల్ల కాలు పెట్టగానే అవి పొడిపొడి అయి దాని బొటనవేలికి అంటుకున్నాయి. పిల్ల చతికిలబడి, ఆ వేలిని నోట్లో పెట్టుకుని, మొహం అదోలా పెట్టింది. మా వియ్యపురాలు నవ్వు దాచుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాచుకుంటున్నట్టు నాకు తెలియాలనే పెట్టుకుందని నా అనుమానం.

"లోపం బెల్లంలో ఉంది" అన్నాను.

"చేతిలో ఉందేమో" అన్నారు మావారు, పేపరు వెనక నుంచి.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నాతో అరిసెలు వండించుకుంటారు. నాలుక మీద పెట్టుకుంటే ఏ వైపు బెల్లమో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాననుకోండి, అయినా పేరు పేరే. ఆ రోజు మాత్రం పాకం ఎంత కాచినా జిగురుగా సాగిందే తప్ప ఉండ కట్టలేదు. మావారి మాటకి నాకు ఒళ్ళు మండి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నోరు విప్పింది తిరుపతికి టికెట్ తీయమనడానికే. బెల్లానికి పేరున్న ఆ చిత్తూరు వైపు మంచి బెల్లం ఎక్కడుందో కనుక్కుని తెచ్చి, అరిసెలు వండి, ఆ పేపరు మీదే పెట్టాలని నా పంతం.

తిరుపతిలో ఉప్పు పొంగలి

తిరుపతిలో నా చిన్ననాటి స్నేహితురాలు రంగనాయకి ఉంది. బడిలో టీచరు, భర్తకి దేవస్థానం ఆఫీసులో ఉద్యోగం. నేను వెళ్ళింది ధనుర్మాసంలో. ఆ నెలంతా వాళ్ళింట్లో తెల్లవారకముందే స్నానాలు, పూజ, పొంగలి. మా ఇంట్లో ఆ వేళకి లేచేది పాలవాడి కోసం కుక్క ఒక్కటే. చలికి వణుకుతూ, కళ్ళు నులుముకుంటూ వెళ్ళి కూర్చుంటే నా దొన్నెలో చక్కెర పొంగలి పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక నా నాలుక ఫిర్యాదు చేసింది.

"ఇందులో ఉప్పు వేశావా?"

రంగనాయకి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమే, సామికి పెట్టే పొంగట్లో నేను ఉప్పేస్తానా? నీకు మతి ఉండాదా?"

తర్వాత తనూ రుచి చూసి మెత్తబడింది. "బెల్లందే. ఈ మధ్య అంగట్లో ఏది తెచ్చినా ఇట్లనే ఉంటా ఉండాది. మునుపు కాణిపాకం దగ్గర మునెమ్మావాళ్ళు పంపించేవాళ్ళు. ఆ బెల్లం కొట్టాలంటే రోకలి కావాల. ఇప్పుడు ఫోన్ చేస్తే, 'మా బెల్లం మీ ఇంటికి పంపే మాదిరి లేదమ్మా' అంటాది."

బెల్లం వండేవాళ్ళే మా బెల్లం వద్దంటున్నారంటే సంగతేమిటో చూడాల్సిందే. ధనుర్మాసం పూజలు మాని రంగనాయకి కదలదు. మునెమ్మకి ఫోన్ చేసి నా రాక చెప్పి, బస్సులో తినమని పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. అందులో ఉప్పు సరిగ్గా, ఉండాల్సినంతే ఉంది.

కాణిపాకంలో రంగు

వినాయకుడి గుడి ముందు వరసగా అంగళ్ళు. కొబ్బరికాయలు, గరిక, బెల్లం. ఇక్కడి బెల్లం పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా నిగనిగలాడుతోంది. నైవేద్యానికని ఒక ముక్క కొన్నాను. నాలుగడుగులు వేశానో లేదో, నా ప్రమేయం లేకుండానే చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళిపోయింది.

"అమ్మా, సామికి పెట్టకముందే నువ్వు తింటివే!" అని కేకేసింది అంగడామె.

సిగ్గుపడి ఇంకో ముక్క కొన్నాను. అది వేరే గంపలోది కాబట్టి పోల్చి చూడాలనిపించి దాన్నీ కొరికాను. మూడో ముక్క ఇస్తూ ఆమె నా చెయ్యి పట్టుకుని, గుడి మెట్లదాకా నడిపించి వదిలింది. చూడముచ్చటగా ఉన్న ఆ బెల్లాలన్నీ నోట్లో ఒక్కటే, ముందు తీపి, వెనక ఉప్పు.

తిరిగి వస్తూ ఆమెని అడిగాను. "రంగు సూసి కొంటారు జనాలు. దానికే మందేసి తెల్లగా చేస్తారు. రుచి సూసేదానికి అందురూ నీ మాదిరి ఉంటారా?" అంది. అది మెచ్చుకోలో కాదో తేల్చుకోకుండానే దోసెల కొట్టు వైపు నడిచాను. దోసె విషయంలో మాత్రం ఈ ఊరికి ఒక దండం. మా తెనాలిలో ఒక దోసెకి తీసుకునే డబ్బుతో ఇక్కడ ఒకటిన్నర తినొచ్చు, ఊరుబిండి ఎంతైనా వేస్తారు. వేరుసెనగ గింజల పచ్చడే, కానీ మా ఇళ్ళల్లో ఆ రుచి రాదు. రోటికీ మిక్సీకీ ఉన్న తేడా అది.

గానుగ దగ్గర పంచదార టీ

మునెమ్మ ఊరు కాణిపాకం నుంచి ఆటోలో కాసేపటి దారి. చెరువు కింద పొలం, పొలం మధ్యలో గానుగ షెడ్డు, చెరుకు పిప్పి గుట్టలు, గాలి నిండా కాగుతున్న రసం వాసన. మునెమ్మ నాకంటే పదేళ్ళు చిన్నదేమో, చూడగానే "రా అక్కా" అని సంచి అందుకుంది. భర్త చెంగల్రాయుడు పొడుగ్గా, మాట తక్కువగా ఉన్నాడు. షెడ్డు నీడలో తెల్లచొక్కా మనిషి ఒకాయన కుర్చీ వేసుకుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. చుట్టమనుకుని నమస్కారం పెట్టాను. తర్వాత తెలిసింది, ఆయనకి ఇటుకల బట్టీ ఉందట.

టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి ఆగిపోయాను. "ఇది పంచదార టీ!"

"అవును" అన్నాడు చెంగల్రాయుడు నేలచూపులు చూస్తూ. "ఇంట్లోకి చక్కెరే తెచ్చుకుంటాము. మా బెల్లం మేము తిని చాన్నాళ్ళాయ."

పొద్దుగూకులూ బెల్లం వండే ఇంట్లో పొట్లం చక్కెరతో టీ! నేను పకపకా నవ్వాను. వాళ్ళు నవ్వలేదు. నవ్వు మధ్యలో మింగడం కష్టం, కానీ మింగాను.

మునెమ్మ నన్ను పొలంలోకి తీసుకెళ్ళింది. ఇక్కడ మడిని కయ్య అంటారు, గట్టుని గెనిమ. ఆ పెద్ద కయ్య మధ్యలో కొత్తగా వేసిన గెనిమ ఒకటి ఉంది. దానికి అటు చెంగల్రాయుడిది, ఇటు మునెమ్మది. పొలం పంచుకున్న మొగుడూ పెళ్ళాల్ని నేను చూడటం అదే మొదలు. అటువైపు నడిస్తే నేల పెంకులా విరిగింది, కాలవ పక్కన తెల్లగా ఉప్పు పూసినట్టుంది. ఇటువైపు అడుగు పెట్టగానే నా చెప్పు మట్టిలో దిగబడిపోయింది. వంగి లాగితే చెప్పుతో పాటు వేలెడంత వానపాము వచ్చింది. నేను పెట్టిన కేకకి గానుగ ఆడిస్తున్న వాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు.

"ఏంటికక్కా భయం? వానపామే. దాని కోసమే ఇంత కష్టపడతా ఉండాను" అంది మునెమ్మ, దాన్ని అరచేతిలోకి తీసుకుని, పక్కనే మట్టిలో జాగ్రత్తగా వదులుతూ.

పితికిపప్పు, పందెం

మధ్యాహ్నం నన్ను అనపగింజల ముందు కూర్చోబెట్టారు. నానబెట్టిన గింజని రెండు వేళ్ళతో నొక్కితే తోలు చేతిలో ఉండి, పప్పు బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. ఈ జిల్లావాళ్ళు చలికాలమంతా దాని మీదే బతుకుతారేమో అనిపించింది. నేను నొక్కిన మొదటి గింజ ఎగిరి బట్టీ ఆయన చొక్కా జేబులో పడింది. ఆయన తీసి తినేశాడు, మనిషి మర్యాదస్తుడే.

పప్పు పితుకుతూ మునెమ్మ కథంతా చెప్పింది.

"మా మామ బతికుండంగా ఈ కయ్యలో ఒక యేడు వరి, ఒక యేడు రాగులు, గెనిమలెంట అనపలు, అలసందలు. ఎండాకాలమొస్తే సెరువు మట్టి తోలేవాళ్ళు, బండ్లు బండ్లు. పంట కోసినాక ఎరువుకని గొర్రెల మంద కట్టించేవాళ్ళు. మందోళ్ళు మా కయ్యలోకి రావల్లని మా అత్త వాళ్ళకి ఓళిగలు, అదే మీ బొబ్బట్లు, చేసి పెట్టేదంట. బోరేసినాంక అంతా సెరుకే. కొట్టిన మోడులోంచే మళ్ళీ మళ్ళీ సెరుకు. ఆకంతా తగలబెట్టేది, యూరియా చల్లేది."

"ఏం, తప్పు చేసినానా?" అన్నాడు చెంగల్రాయుడు గుమ్మంలోంచి. "పిల్లోళ్ళ సదువులు ఆ సెరుకుతోనే అయినాయి గదా."

"తప్పని నేనంటినా? మట్టి అలిసిపోయిందంటా ఉండాను."

మట్టి అలిసిపోయిందని వాళ్ళకి మొదట చెప్పింది బెల్లమే. ఉప్పుగా మారింది, గట్టిపడటం మానేసింది, వానాకాలం వస్తే బస్తాలోనే కారిపోయేది. మండీలో ధర పడిపోయింది. అప్పుడే వచ్చాడు బట్టీ ఆయన. చెరువు మట్టి తోలిన నేల కదా, ఇటుకకి ఇంతకంటే మంచిది దొరకదు. పైనుంచి మూడడుగులు తవ్వుకుపోతానన్నాడు. చెంగల్రాయుడు సరేననబోతే మునెమ్మ అడ్డం పడింది. సగం కయ్య తనకి వదిలేయమంది. రెండేళ్ళుగా ఆ సగంలో ఆకు కాల్చలేదు, సాళ్ళలోనే పరిచింది. జనుము చల్లి, పూతకి రాగానే మట్టిలో కలిసేలా దున్నించింది. ఎక్కడెక్కడి మందలనో బతిమాలి తెచ్చి కట్టించింది. రేపు రెండు సగాల చెరుకూ విడివిడిగా వండుతారు. బకెట్లోంచి బోర్లించినప్పుడు మునెమ్మ బెల్లం నిలబడితే మట్టి ఇంట్లోనే ఉంటుంది. కూలబడితే బట్టీకి పోతుంది. మొగుడూ పెళ్ళాలు అలా మాట అనుకున్నారు, దానికి సాక్షిగా బట్టీ ఆయనే వచ్చి కూర్చున్నాడు.

నేను మా కృష్ణా నల్లమట్టి గొప్పలు చెప్పుకోవడానికి ఇదే అదననుకున్నాను. "మా నేలలో కర్ర గుచ్చినా చిగురిస్తుంది" అన్నాను.

"అవునా అక్కా! మీ కయ్యల్లో మంద ఎప్పుడు కడతారు?"

"మంద కట్టడమా? మా పొలంలోకి గొర్రెలొస్తే మావారు కర్ర పట్టుకుని ఊరవతలదాకా తరుముతారు."

మునెమ్మ గింజ పితకడం ఆపి నన్ను చూసింది. ఇంటికొచ్చిన లక్ష్మిని తరిమానని చెప్పినా అంత జాలిగా చూసేది కాదేమో. వరి కోశాక మినుములు చల్లడం కూడా మానేసి మొక్కజొన్న వేస్తున్నామని, బస్తాల కొద్దీ యూరియా పోస్తున్నామని చెప్పాల్సిన అవసరం నాకు ఆ క్షణంలో కనిపించలేదు. రాగి సంగటిలో గుంట చేసి పితికిపప్పు కూర పోస్తే నోరు మూసుకుని తిన్నాను.

తింటుండగా చెంగల్రాయుడు ఒక మాట అన్నాడు. "రేపు రుచి సూసేది మీరే అమ్మా. మా ఊరోళ్ళయితే సగం మంది ఆమె పక్క, సగం మంది నా పక్క. మీరైతే ఎవురికీ కారు."

నాలుక పట్ల ఇంత గౌరవం నాకు తెనాలిలో కూడా దక్కలేదు. పెద్దమనిషిలా తలూపాను.

రెండు పెనాలు

మర్నాడు పొద్దున్నే పొయ్యి రాజేశారు. పాకం పట్టే మేస్త్రీ మురుగేశం నగరి వైపు మనిషి, సగం తమిళం, సగం తెలుగు. మంచం వేసి పడుకోగలిగినంత పెనంలో రసం పోసి, తెట్టు తీస్తూ, పొయ్యిలోకి పిప్పి ఎగదోయిస్తున్నాడు. మొదట చెంగల్రాయుడి చెరుకు. రసం చిక్కబడి, బంగారు రంగు నురగ పొంగి, బుడగలు టపటపమంటున్నాయి. ఆ వాసనకి నాకు నిలకడ తప్పింది. గరిటెకి అంటిన నురగని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను.

"అమ్మా, వేణాం, వేణాం!" అని మురుగేశం అరిచేసరికి ఆలస్యమైపోయింది. వేణాం అంటే వద్దని నాకు తర్వాత తెలిసింది, నాలుకకి మాత్రం అప్పుడే తెలిసింది. చల్లటి మజ్జిగ తాగించారు, నెయ్యి రాశారు. నాలుక మాత్రం కట్టెలా ఉండిపోయింది.

మొదటి పాకం నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే తీగలా సాగి కరిగిపోయింది. ఇంకా కాచి, గుడ్డ పరిచిన బకెట్లో పోసి ఆరనిచ్చారు. తర్వాత రెండోది, మునెమ్మది. నీళ్ళలో వేసిన చుక్కని మురుగేశం వేళ్ళ మధ్య ఉండ చేశాడు. ఉండ అయింది. పళ్ళెం మీద వేస్తే టంగున మోగాలట. మోగలేదు, మెత్తగా చప్పుడు చేసింది. మునెమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

పొద్దు వాలుతుండగా బోర్లించారు. ఊళ్ళోవాళ్ళు పది మంది చేరారు. చెంగల్రాయుడి బెల్లం బకెట్ తీయగానే పేడముద్దలా పరుచుకుంది. అందరూ మునెమ్మ బకెట్ వైపు తిరిగారు. గుడ్డ విప్పారు. బెల్లం నిలబడింది. నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో ఒక పక్క అంచు నెమ్మదిగా జారి, కిందికి కూర్చుంది. నడుమ మాత్రం అలాగే నిలబడి ఉంది.

"కూసున్నట్టే గదా, రాయుడూ" అన్నాడు బట్టీ ఆయన నొచ్చుకుంటున్నట్టుగా.

"నిలబడి ఉండాది, సూడు" అంది మునెమ్మ.

"అమ్మ సెప్తాది" అని చెంగల్రాయుడు రెండు ముక్కలు నాకు అందించాడు. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. మొదటిది పెట్టుకున్నాను, ఏమీ తెలియలేదు. రెండోది పెట్టుకున్నాను, అదీ అంతే. ఇసక నమిలినా నాకు ఒక్కటే. మునెమ్మది అమృతంలా ఉందని చెప్పేయాలని ఎంత కోరికగా ఉందో! ఆమె కళ్ళలోకి చూశాక ఆ అబద్ధం నోట రాలేదు. రెండేళ్ళు మట్టితో పడ్డ పాటుకి తీర్పు కాలిన నాలుకతో చెప్పకూడదు.

"నాకు తెలియడం లేదయ్యా. పొద్దున నాలుక కాల్చుకున్నాను. ఇది నీ నేల, నీ నాలుకతోనే చూసుకో."

జనం గొల్లుమన్నారు. చెంగల్రాయుడు నవ్వలేదు. తన బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుని పక్కకి ఉమ్మేశాడు. తర్వాత మునెమ్మది పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క విరుచుకున్నాడు. మళ్ళీ ఇంకొకటి.

"ఉప్పు ఇంకా ఉండాది" అన్నాడు చివరికి. మునెమ్మ తల దించుకుంది. "ఉండాది గానీ, తగ్గిండాది. దాని వెనక మా నాయన నాటి రుచి వస్తా ఉండాది. ఎండల్లో నేనూ మా నాయనా బండి తోలి పోసిన మట్టి ఇది. రెండేండ్లు సూసుకుంటే ఈ మాత్రం తిరుక్కునిందే. నేను ముప్పై ఏండ్లు దాన్ని పిండుకుని, ఇప్పుడు లారీకి ఎత్తిస్తానా?"

బట్టీ ఆయన వైపు తిరిగాడు. "ఏమనుకోవద్దప్పా. మా మట్టికి పని ఉండాది. అమ్మేదానికి ఖాళీ లేదు."

మునెమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకు ఏ సంబంధమూ లేకపోయినా. బట్టీ ఆయన కూలబడిన అంచు వైపు చూపించాడు. "అయితే ఆ మెత్తటిది నాకియ్యి. మా అమ్మకి పండ్లు లేవు." అలా వచ్చిన మనిషి ఉత్త చేతులతో వెళ్ళలేదు. నిలబడిన నడిమి బెల్లంలో సగం నా సంచిలోకి వచ్చింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో టీ బెల్లంతో పెట్టారు. నాకు రుచి తెలియలేదు. చెంగల్రాయుడు రెండోసారి అడిగి పోయించుకోవడం మాత్రం చూశాను.

ఇంటికొచ్చాక

మునెమ్మ బెల్లంతో అరిసెలు వండాను. చిత్తూరు వైపు వాటిని అత్తిరసాలంటారు. పేరేదైనా నూనెలో విడిపోకుండా ఉండటం ముఖ్యం. రెండు విడిపోయాయి, మిగతావన్నీ నిలబడ్డాయి. మనవరాలిని మళ్ళీ నడిపిద్దామంటే అది ఈలోగా పరుగు నేర్చుకుని అందలేదు. మావారి పేపరు మీద ఒక అరిసె పెట్టాను. తిని, "చెయ్యి కుదురుకుంది" అన్నారు. నేను కోప్పడలేదు, ఆ వేళ నా మనసు పొలం మీద ఉంది. మా వరి కోసేశారు, గోనె సంచుల్లో యూరియా వచ్చి వసారాలో కూర్చుంది, మొక్కజొన్న వేయడమే తరువాయి. పొద్దున గట్టు మీద కూర్చుని మట్టి తవ్వి చూశాను. ఎంత తవ్వినా కేక పెట్టించే వానపాము ఒక్కటీ రాలేదు.

ఆ మధ్యాహ్నమే కాలవ గట్టు మీద గొర్రెల మంద కనిపించింది. "పొలంలోకి దిగుతున్నాయి, కర్ర ఏదీ?" అని మావారు లోపల వెతుకుతుండగానే నేను పరుగు తీశాను. నన్ను చూసి గొర్రెలకాపరి కంగారుగా మందని వెనక్కి మళ్ళిస్తున్నాడు.

"పోతన్నామమ్మా, పోతన్నాం, ఇటు రాం!"

"పోవద్దు! లోపలికి దింపు. నాలుగు రోజులు మా పొలంలోనే మంద పెట్టు, తిండి నేను పెడతాను."

అతను నా మొహం చూశాడు, ఏదో మోసం ఉందనుకున్నట్టు. తర్వాత నా వెనక్కి చూశాడు. కర్ర పైకెత్తి మావారు గట్టు మీద పడుతూ లేస్తూ వస్తున్నారు.

"మరి ఆయన?" అన్నాడు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మందని దింపు."